మిరప కల్లం, నీలి గుట్ట: ఎక్స్‌ప్రెషనిస్టు పద్ధతిలో ల్యాండ్‌స్కేప్ వేయడం

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నర్సంపేట, పరకాల, ములుగు వైపు ఏ రోడ్డు పట్టుకుని పోయినా చేన్ల పక్కన కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి కనిపిస్తాయి. వెనుక రాతి గుట్ట, నడుమ నాలుగు తాళ్లు (తాటిచెట్లు), పైన తెల్లబారిన ఆకాశం. చేయి తిరిగినవాళ్లకు దీన్ని ఉన్నదున్నట్టు దించడం కష్టమేమీ కాదు. కానీ అలా దించిన బొమ్మలో ఆ ఎండ ఘాటు ఉండదు. ఆ పంట మీద పెట్టుకున్న ఆశ, ధర పడిపోతుందేమోనన్న బెంగ అసలే కనిపించవు. అవి కనిపించాలంటే రంగును మనసు చెప్పినట్టు వాడాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరప్‌లో ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారులు పట్టుకున్న దారి అదే.

మనసు చెప్పినట్టు అనగానే ఇష్టమొచ్చినట్టు అనుకోవడంతోనే చాలా బొమ్మలు చెడిపోతాయి. ఆకాశం ఎర్రగా, చెట్టు నీలంగా, నేల ఊదాగా వేసి చూస్తే ఏది దగ్గరో ఏది దూరమో తెలియదు, ఎండ ఎటునుంచి పడుతోందో తెలియదు. బొమ్మ మొత్తం రంగుల ముక్కలుగా విడిపోతుంది. దీనికి మందు ఒక్కటే: రంగును ఎంతైనా మార్చండి, టోన్‌ను మార్చకండి. టోన్ అంటే ఒక రంగు ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉందన్నది. బూడిదరంగు గుట్టను నీలంగా వేయొచ్చు, గులాబీగా వేయొచ్చు, ఆకుపచ్చగానూ వేయొచ్చు. కానీ అక్కడ ఆ గుట్ట ఆకాశం కంటే ఎంత ముదురుగా ఉందో, మీ బొమ్మలోనూ అంతే ముదురుగా ఉండాలి. మంచి ఎక్స్‌ప్రెషనిస్టు ల్యాండ్‌స్కేపులను ఫోనులో నలుపు తెలుపుకు మార్చి చూడండి. చాలావాటిలో కొండ కొండగా, నీళ్లు నీళ్లుగానే నిలబడి ఉంటాయి. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాటను ఆచరణలో పెట్టడం గురించే.

రంగుకు నిఘంటువు లేదు

రంగులకు అర్థాల జాబితా ఒకటి ఉంటుందని, దాన్ని బట్టీపడితే చాలని కొత్తవాళ్లు ఆశపడతారు. అలాంటిది లేదనడానికి ఎక్స్‌ప్రెషనిస్టులే సాక్ష్యం. జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ 1910 డిసెంబరులో తన మిత్రుడు, తోటి చిత్రకారుడు ఆగస్ట్ మాకెకు రాసిన లేఖలో నీలం పురుష తత్వం, గంభీరం, ఆధ్యాత్మికం అన్నాడు. పసుపు స్త్రీ తత్వం, మృదువు, ఉల్లాసం. ఎరుపు పదార్థం, మొరటుది, బరువైనది. మార్క్‌తో కలిసి 1911లో మ్యూనిక్‌లో బ్లూ రైడర్ అనే చిత్రకారుల బృందాన్ని నడిపిన రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీకి మాత్రం అదే పసుపు కుదురు లేనిది, చూసేవాడి మీదికి దూసుకొచ్చేది, బూర ఊదినట్టు చెవిలో మోగేది. నీలం విషయంలో ఇద్దరి మాటా దగ్గరగానే ఉంది గానీ, పసుపు దగ్గర దారులు విడిపోయాయి. ఒకే బృందం, ఒకే కాలం. అయినా ఎవరి పసుపు వారిదే.

అందుకే వాళ్ల అర్థాలను అరువు తెచ్చుకుని ఇక్కడి గుట్టల మీద పులమడం వృథా. మన దగ్గర రంగులకు అర్థాలు తక్కువేం లేవు. పసుపు అంటే తంగేడు పూలు, బతుకమ్మ, గడపకు రాసే పసుపు. ఎండి పచ్చబడిన పైరు కూడా పసుపే. ఎరుపు అంటే కుంకుమ, గోడలకు పూసే జాజు, మిరప. ఈ జిల్లాల్లో ఎర్రజెండా జ్ఞాపకం కూడా ఉంది కాబట్టి మోదుగు పూల ఎరుపును ఇక్కడివాళ్లు వట్టి పూల రంగుగా చూడరు. తెలుపు పత్తి చేనులో సంపద, మరోచోట సంతాపం. భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గని దగ్గర నలుపు బతుకుతెరువు, అదే నలుపు పక్క ఊరి వాకిట్లో దుమ్ము.

ఆకాశం సంగతి వేరే చెప్పుకోవాలి. యూరప్ బొమ్మల్లో నల్లటి మబ్బు దిగులుకు గుర్తు. మన రైతుకు జూన్ నెలలో నల్లమబ్బు కంటే శుభశకునం లేదు. భయపెట్టేది మబ్బు లేని తెల్లటి ఆకాశం. అదే నల్లమబ్బు మార్చిలో మిరప కల్లం మీదికి వస్తే గుండె జారిపోతుంది. కాబట్టి మబ్బు అర్థం నెలను బట్టి మారుతుంది. బొమ్మలో అది ఏ నెలో చెప్పే ఆనవాలు ఒకటి ఉండాలి: దున్నిన చెల్క, నాటేసిన పొలం, విరబూసిన మోదుగు, ఆరబోసిన మిరప. ఆ ఆనవాలు లేకపోతే మీ నల్లమబ్బును ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటారు.

బొమ్మ లోపల ఒక రంగుకు అర్థం పుట్టించడానికి మూడు పనులున్నాయి. మొదటిది, ఆ రంగును ఒక విషయానికే కేటాయించాలి. ఎరుపు మిరపదైతే ఇంటి పెంకులకూ, ఎవరి చీరకూ ఆ ఎరుపు ఇవ్వకూడదు. పెంకులకు బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమరంగు) చాలు. రెండోది, అదే రంగును మరొక్క చోట మాత్రం చిన్నగా మళ్లీ పలికించాలి. కల్లంలోని ఎరుపు గుట్ట అంచున సన్నటి గీతగా కనిపిస్తే పంటకూ ఆకాశానికీ సంబంధం కలుస్తుంది. రెండు చోట్ల అయితే సంబంధం, ఆరు చోట్ల అయితే వట్టి అలంకారం. మూడోది పక్క రంగు. అదే ఎరుపు బూడిదరంగు పక్కన నిప్పులా వెలుగుతుంది, నారింజ పక్కన చల్లారిపోతుంది.

గుర్తుల కోసం వస్తువుల వెంట పడకండి. ఓరుగల్లు కోట తోరణం ఎంత గొప్పదైనా రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కిన రూపం అది. బొమ్మలో దాన్ని పెట్టగానే చూసేవాళ్లు "కాకతీయులు" అని చదివేసి మీ రంగును పట్టించుకోవడం మానేస్తారు. ఒంటరి తాడిచెట్టు, బాయి గడ్డ, తెగిన చెరువు కట్ట ఇంతకంటే ఎక్కువ పని చేస్తాయి. వాటికి ముందే అచ్చయిన అర్థం లేదు, అర్థాన్ని మీ రంగే ఇవ్వాలి.

సామాను

మొదటి బొమ్మలకు 12×16 అంగుళాల కాన్వాస్ బోర్డు సరిపోతుంది. అంతకంటే చిన్నదైతే పెద్ద కుంచె తిరగదు, పెద్దదైతే ఎండ మారేలోపు పూర్తి కాదు. 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు ముక్క కూడా పనికొస్తుంది. నునుపు వైపు గరుకు కాగితంతో రుద్ది, గెస్సో (రంగు పట్టేందుకు వేసే తెల్లటి అడుగుపూత) రెండు పూతలు వేయాలి. రెండో పూత మొదటిదానికి అడ్డంగా పోవాలి. వెనుకవైపు కూడా ఒక పూత వేయకపోతే వానకాలంలో బోర్డు వంగుతుంది.

బయట వేసేందుకు నీళ్లతో పలుచన చేసుకునే అక్రిలిక్ రంగులు మేలు. ఆయిల్ రంగుల్లో లోతు ఎక్కువే గానీ, మందంగా వేసిన పూత ఆరడానికి వారాలు పడుతుంది, మోటారుసైకిల్ మీద తడి బొమ్మను ఇంటికి తేవడం తలనొప్పి. తొమ్మిది ట్యూబులు కొనండి: టైటానియం వైట్, లెమన్ యెల్లో (నిమ్మపసుపు), యెల్లో ఓకర్ (మట్టి పసుపు), వర్మిలియన్ (నారింజ తగిలిన ఎరుపు), క్రిమ్సన్ (చల్లటి ముదురు ఎరుపు), అల్ట్రామరీన్ బ్లూ (ఊదా తగిలిన నీలం), థాలో బ్లూ (ఆకుపచ్చ తగిలిన నీలం), విరిడియన్ (చల్లటి ఆకుపచ్చ), బర్న్ట్ సియెన్నా. తెలుపు మిగతావాటికి రెండింతలు ఖర్చవుతుంది, పెద్ద ట్యూబు తీసుకోండి. నలుపు ట్యూబు ఇప్పుడే వద్దు. అల్ట్రామరీన్ 3 పాళ్లు, బర్న్ట్ సియెన్నా 2 పాళ్లు కలిపితే నలుపుకు దగ్గరగా వస్తుంది. నీలం కాస్త పెంచితే చల్లటి నలుపు, సియెన్నా పెంచితే వెచ్చటి నలుపు అవుతుంది. ట్యూబు నలుపులో ఈ వెసులుబాటు లేదు.

కొనేముందు ట్యూబు మీద రంగు నిలకడ గుర్తు చూడండి. ఏఎస్‌టీఎం (రంగు నిలకడను కొలిచే ప్రమాణం) 1 లేదా 2 అని గానీ, ఎక్కువ నక్షత్రాలు గానీ ఉండాలి. క్రిమ్సన్ పేరుతో అమ్మే రంగుల్లో కొన్ని వెలుతురుకు వెలిసిపోతాయి. ఫ్లోరోసెంట్ రంగులు ఇంకా తొందరగా పోతాయి. రంగు మీదే ఆధారపడిన బొమ్మలో ఇది చిన్న విషయం కాదు, ఎరుపు వెలిసిందంటే బొమ్మ చెప్పే మాట కూడా పోయినట్టే.

కుంచెలు నాలుగు చాలు: పందివెంట్రుకల ఫ్లాట్ 12, 8, 4 నంబర్లు, గీతలకు రౌండ్ 6. రంగు కలపడానికి, మందంగా పూయడానికి ఒక ప్యాలెట్ నైఫ్ (మొద్దు అంచు కత్తి). బొమ్మలో మూడొంతులు 12 నంబరుతోనే సాగాలి. చిన్న కుంచె చేతిలోకి రాగానే చేయి వివరాల మీదికి పోతుంది, రంగు ముక్కలవుతుంది.

మార్చి ఎండలో అక్రిలిక్ ప్యాలెట్ మీద నిమిషాల్లో గట్టిపడుతుంది. అంచున్న స్టీలు పళ్లెంలో నూలు గుడ్డను నాలుగు మడతలు వేసి తడిపి పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగులు ఆ కాగితం మీద పెట్టుకోండి. కింద తడి ఉన్నంతసేపూ రంగు మెత్తగా ఉంటుంది. రిటార్డర్ (రంగు ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపేట్టయితే సీసా మీద చెప్పిన పాళ్లు దాటకూడదు. ఎక్కువైతే పూత రోజుల తరబడి జిగటగా ఉండి, కల్లం దుమ్మంతా పట్టేస్తుంది.

కల్లం దగ్గర ఇంకో జాగ్రత్త. రైతును అడిగి కూర్చోండి, కాయల మీద చెప్పులతో నడవకండి. గాలి మీ వైపు నుంచి కల్లం వైపు వీచే చోటు చూసుకోండి. ఎదురుగాలైతే ఘాటుకు అరగంట కూడా నిలవలేరు. కాయలు ముట్టిన చేత్తో కళ్లు తుడుచుకోవద్దు. బోర్డు మీద నేరుగా ఎండ పడనివ్వకండి: ఎండలో రంగు ఉన్నదానికంటే వెలుగ్గా కనిపిస్తుంది, అందుకని ముదురు చేసుకుంటూ పోతారు, ఇంట్లో చూస్తే బొమ్మంతా చీకటిగా ఉంటుంది. గొడుగు వాడితే నల్లదో బూడిదరంగుదో వాడండి. ఎర్ర గొడుగు కింద తెలుపు కూడా గులాబీగానే కనిపిస్తుంది.

టోన్ ముందు, రంగు తర్వాత

బోర్డు వెనుక పెన్సిలుతో ఒక వాక్యం రాయండి. "బాగుంది", "అందంగా ఉంది" పనికిరావు. "ఈ ఎండ పంటను ఆరబెడుతోంది, మనిషినీ ఆరబెడుతోంది" లాంటిది కావాలి. తర్వాత ప్రతి రంగునూ ఈ వాక్యంతోనే సరిచూసుకుంటారు.

ఇప్పుడు పోస్టుకార్డంత కాగితాల మీద మూడు టోన్ స్కెచ్‌లు వేయండి. ఒక్కోదానికి 5 నిమిషాలు మించొద్దు. మూడే మెట్లు: కాగితం తెలుపు, బూడిద మార్కర్, నల్ల మార్కర్. ఉదయం 7 నుంచి 9 వరకు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత నీడలు స్పష్టంగా ఉంటాయి. నడిమధ్యాహ్నం నీడలు కాళ్ల కిందికి పోయి అన్నీ ఒకే మెట్టులోకి వచ్చేస్తాయి. మిరప కల్లం దృశ్యంలో సాధారణంగా ఆకాశం తెలుపు, దుమ్ము నేల, మిరప బూడిద (నేల కాస్త లేత), గుట్ట, తాళ్లు నలుపు (తాళ్లు అన్నిటికంటే ముదురు). కళ్లు సగం మూసి చూస్తే ఈ మెట్లు విడివిడిగా తేలతాయి. ఎరుపు విషయంలో కన్ను మోసపోతుంది. అది ఎంత రగిలినా నడిమి మెట్టులోనే ఉంటుంది గానీ, ఆ రగులుడు చూసి లేతదనుకుంటాం. అనుమానమొస్తే ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. తీసేముందు తెర మీద గుట్టను కాక ఆకాశాన్ని నొక్కండి, లేకపోతే ఆకాశం మొత్తం తెల్లగా కాలిపోతుంది.

మూడింటిలో బలమైనది ఎంచుకోండి. ఎంచుకోవడానికి కొలమానం ఏమిటంటే, పది అడుగుల దూరం నుంచి ఆకారాలు తెలియాలి.

ఇక అసలు పని. టోన్‌కు రంగును కేటాయించడంలో ఒక భౌతిక పరిమితి ఉంది. ప్రతి రంగూ ఏదో ఒక మెట్టులోనే నిండుగా పలుకుతుంది. పసుపు లేత మెట్టులోనే పసుపు. ముదురు చేద్దామని నలుపు కలిపితే పాచి ఆకుపచ్చ అవుతుంది. నీలం, ఊదా ముదురు మెట్టులో నిండుగా ఉంటాయి. తెలుపు కలిపి లేత చేస్తే పాలిపోతాయి. వర్మిలియన్, నారింజ నడిమి మెట్టువి. అందుకని లేత చోట్లకు లెమన్ యెల్లో, లేత గులాబీ, లేత ఆకుపచ్చ, నడిమికి వర్మిలియన్, నారింజ, ఓకర్, గడ్డి ఆకుపచ్చ, ముదురుకు అల్ట్రామరీన్, ఊదా, క్రిమ్సన్, విరిడియన్ పెట్టుకుంటే రంగు నిండుగా ఉంటుంది, టోన్ కూడా చెడదు. జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టు కిర్ష్‌నర్ 1917లో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌కు చేరాక వేసిన ఆల్ప్స్ కొండల్లో ఇది బాగా కనిపిస్తుంది. 1919 నాటి వెన్నెల రాత్రి మంచు దృశ్యంలో చెట్లు ఎర్రన, కొండలు నీలం. కళ్లకు ఇంత కొత్తగా ఉన్నా, కొండ లోయ ఎక్కడెక్కడ ఉన్నాయో తికమక ఉండదు.

ఎంచుకున్న టోన్ స్కెచ్‌ను 3×4 అంగుళాల్లో మూడుసార్లు తిరగగీసి, మూడు వేర్వేరు రంగుల పథకాలు వేయండి. ఈ మెట్టు దాటేయాలని అందరికీ ఉంటుంది. దాటేస్తే ఆ ప్రయోగమే పెద్ద బోర్డు మీద చేయాల్సి వస్తుంది, రంగు మీద రంగు పడి బురదవుతుంది.

మిరప లాంటి దృశ్యంలో చిక్కు ఏమిటంటే, ప్రకృతే ముందే గట్టిగా అరుస్తోంది. ఎరుపును ఇంకా ఎరుపు చేసి లాభం లేదు. మార్చాల్సింది చుట్టూ ఉన్నవాటిని. మన వాక్యం ఎండ గురించి కాబట్టి ఆకాశాన్ని ఆకుపచ్చ కలిసిన నిమ్మపసుపు చేద్దాం, కామెర్లు వచ్చిన కళ్ల రంగు అది, హాయిగా ఉండదు. గుట్టను నీలి ఊదా. తాళ్లను చల్లటి నలుపు. నేలను గులాబీ కలిసిన బూడిద.

బోర్డు మీద

తెల్ల గెస్సో మీద నేరుగా మొదలుపెట్టొద్దు. తెలుపు పక్కన ప్రతి రంగూ ముదురుగా కనిపించి లెక్క తప్పుతుంది. బర్న్ట్ సియెన్నా 2 పాళ్లు, వర్మిలియన్ 1 పాలు, నీళ్లతో పలుచన చేసి బోర్డంతా పూయండి. జాజు పూసిన గోడ రంగు వస్తుంది. పావుగంటలో ఆరుతుంది. జాజు పొడినే వాడాలనుకుంటే అక్రిలిక్ మీడియంలో (రంగును పట్టి ఉంచే జిగురులో) కలపండి. నీళ్లలోనే కలిపి పూస్తే ఆరాక పొడిలా రాలి పైపూతను కూడా ఊడదీస్తుంది.

ఎర్ర నేపథ్యం ఎంత పని చేస్తుందో తెలియాలంటే చేర్యాల నకాషీ పటాలు చూడండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు కలిపిన పూత వేసి, ఎర్ర నేపథ్యం మీద చదునైన రంగులు నింపి, చివర నల్ల గీతతో బిగిస్తారు. ఎరుపు మీద పసుపు, నీలం ఎంత దూరం నుంచైనా చదవొచ్చు. పటం విప్పి ఊరి జనం ముందు కథ చెప్పాలంటే అలా కనిపించాలి మరి. జర్మనీలో చిత్రకారిణి గాబ్రియేల మ్యుంటర్ కూడా ఇలాంటి చోటికే వెళ్లింది. 1908 నుంచి మూర్నావ్ ఊళ్లో ఉంటూ అక్కడి జానపదుల గాజుపలక బొమ్మల నుంచి చదునైన రంగు, ముదురు గీత నేర్చుకుని కొండల మీద ప్రయోగించింది. మనం చేర్యాల బొమ్మల ముఖాలను, వేషాలను కాపీ కొట్టనక్కర్లేదు. నేపథ్యాన్ని, గీతను తీసుకుంటే చాలు.

ఆరిన ఎర్ర పూత మీద పలుచటి అల్ట్రామరీన్‌తో, 4 నంబరు కుంచెతో పెద్ద ఆకారాలు మాత్రమే గీయండి. పెన్సిల్ వద్దు, దాంతో గీత పిరికిగా వస్తుంది. ఆకాశం గీత సరిగ్గా బోర్డు నడుమకు రాకూడదు. కల్లం ముఖ్యం కాబట్టి పైన మూడో వంతుకు నెట్టండి.

ముదురు రంగులు ముందు. గుట్టకు అల్ట్రామరీన్ 3 పాళ్లు, క్రిమ్సన్ 1 పాలు, ఎండ తగిలే వైపుకు అందులోనే కొద్దిగా తెలుపు. రాళ్లు ఒక్కొక్కటి వేయొద్దు, 12 నంబరు కుంచెను గుట్ట వాలు వెంట లాగండి. ఓరుగల్లు చుట్టుపక్కల గుట్టలు గుండ్రటి బండల పేర్పు, అంచు మెత్తగా ఉబ్బుతూ తగ్గుతూ పోవాలి, ఆల్ప్స్ కొండల్లా మొనదేలకూడదు. కుంచె గీతల మధ్య కింది ఎరుపు అక్కడక్కడా తొంగిచూస్తే చూడనివ్వండి, నీలం బతికేది దానివల్లే.

తాళ్లకు అల్ట్రామరీన్, సియెన్నా నలుపు. మూడు తాళ్లుంటే మూడూ ఒకే ఎత్తు, ఒకే ఎడం ఉండకూడదు. ఒకటి కాస్త వంగాలి.

ఎరుపు: వర్మిలియన్ 2 పాళ్లు, క్రిమ్సన్ 1 పాలు కలిపి అడుగుపూత. అది ఆరాక పైన వట్టి వర్మిలియన్‌ను నైఫ్‌తో మందంగా. ఎండ పడే చోట లేత చేయడానికి తెలుపు ముట్టుకోవద్దు, కలిపిన మరుక్షణం మిరప కాస్తా గులాబీ అవుతుంది. వర్మిలియన్‌లో లెమన్ యెల్లో కొద్దిగా కలిపి నారింజ వైపు జరపండి. కల్లం అంతా ఒకే మందం ఉండకూడదు: ముందువైపు మందం, వెనక్కి పోతున్నకొద్దీ పలుచన. దూరం తెలిసేది దీనివల్లే.

ఆకాశం: టైటానియం వైట్ 4 పాళ్లు, లెమన్ యెల్లో 2 పాళ్లు, విరిడియన్ కందిగింజంత. అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది. తడి మీద పాలలా ఉన్న జిగురు ఆరి తేటపడటమే కారణం. కాబట్టి అనుకున్నదానికంటే కాస్త లేతగా కలపండి, చెక్క ముక్క మీద పూసి ఆరనిచ్చి చూసుకుంటే ఇంకా మంచిది. కింద ఎర్ర పూత ఉంది కాబట్టి పసుపు ఒక్క పూతకు నిలవదు. పసుపు రంగులకు కప్పే గుణం తక్కువ. ముందు తెలుపులో చిటికెడు ఓకర్ కలిపి ఒక పూత వేసి, ఆరాక నిమ్మపసుపు వేయండి. కుంచె గీతలు గుట్ట మీదికి వాలుతున్నట్టు పైనుంచి కిందికి ఏటవాలుగా సాగితే ఎండ బరువు తెలుస్తుంది. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ 1893లో వేసిన 'అరుపు'లో ఆకాశం గీతలు, నీళ్ల గీతలు కలిసి ఒకే అలలా ఊగుతాయి. ఆ బొమ్మలో కలవరం రంగులో ఎంత ఉందో గీత ఊపులోనూ అంత ఉంది.

నేల చివరగా. ఇది బూడిదే అయి ఉండాలి, బొమ్మలో ఐదో వంతైనా బూడిద లేకపోతే మిగతా రంగులకు కూర్చునే చోటుండదు. ప్యాలెట్ మీద మిగిలిన ఊదా, ఎరుపు, ఆకాశపు పసుపు కలిపేసి తెలుపు చేర్చండి. బొమ్మలోని రంగుల నుంచే పుట్టింది కాబట్టి ఈ బూడిద వాటితో కలిసిపోతుంది. ఎర్రటి కల్లం పక్కన అది కాస్త ఆకుపచ్చగా కనిపిస్తుంది. అది కంటి గుణం, రంగు తప్పు కాదు, దిద్దబోవద్దు.

ఇప్పుడు దూరంగా పెట్టి నలుపు తెలుపు ఫొటో తీసి టోన్ స్కెచ్ పక్కన పెట్టి చూడండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే దిద్దండి. ఆ తర్వాతే గీత. రౌండ్ 6తో, చల్లటి నలుపుతో, అవసరమైన అంచులకు మాత్రం. గీత ఒకే మందంలో అంతటా పోతే పిల్లల రంగుల పుస్తకం అవుతుంది. గుట్ట అడుగున లావు, పైకి పోయేకొద్దీ సన్నం, ఎండ కొట్టే చోట అసలు లేకుండా వదిలేయండి. ఆఖరున గుట్ట అంచున ఆ సన్నటి వర్మిలియన్ గీత.

వానకాలానికి వేరే పద్ధతి

జులై, ఆగస్టుల్లో పాకాల, లక్నవరం, రామప్ప చెరువుల కట్ట మీద మబ్బును వేయడానికి అక్రిలిక్ కంటే వాటర్‌కలర్ బాగుంటుంది. జర్మన్ చిత్రకారుడు ఎమిల్ నోల్డె ఉత్తర జర్మనీ సముద్రతీరపు ఆకాశాలను నీళ్లు పీల్చే జపాన్ కాగితాన్ని తడిపి, రంగులను ఒకదానిలోకి ఒకటి పారనిచ్చి వేశాడు. మనకు 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాగితం చాలు. రెండువైపులా తడిపి ప్లాస్టిక్ పలక మీద అతికించండి, మెరుపు పోయి లోపలి తడి మాత్రం మిగిలినప్పుడు మొదలుపెట్టండి. నీటి గీత దగ్గర ముందు లెమన్ యెల్లో, వర్మిలియన్ పట్టీ, పైన అల్ట్రామరీన్‌లో క్రిమ్సన్, సియెన్నా కలిపిన మబ్బు. పలకను మీ వైపు వంచితే మబ్బు పసుపులోకి కాళ్లు దించుతుంది. రంగు ఆరాక చాలా పాలిపోతుంది కాబట్టి ధైర్యంగా చిక్కగా వేయండి. సగం ఆరిన చోట తడి కుంచె పెట్టారా, గోబీపువ్వు లాంటి మరకలు లేస్తాయి. ఎండకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, రంగు పారకముందే కాగితం ఆరిపోతుంది.

ఎక్కడ చెడుతుంది

రంగులు బురదగా మారితే రెండు కారణాల్లో ఒకటి: ఒక మిశ్రమంలో మూడు ట్యూబులకు మించి కలిపారు, లేదా కుంచె కడగకుండా ఎరుపు నుంచి ఆకుపచ్చకు పోయారు. రెండు నీళ్ల డబ్బాలు పెట్టుకోండి, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి.

అంచులు కళ్లకు అదురుతున్నట్టు అనిపిస్తే, అక్కడ ఎరుపు ఆకుపచ్చలు ఒకే టోన్‌లో ఆనుకుని ఉన్నాయి. యాసంగి వరి మడి పక్కన మిరప కల్లం వేస్తే ఇది తప్పక జరుగుతుంది. ఎండ తీవ్రత కోసం కావాలనే చేయొచ్చు, కానీ ఒక్క చోటే. మిగతా చోట్ల నడుమ ముదురు గీత వేయండి లేదా ఒకదాన్ని లేత చేయండి. వరి పచ్చకు విరిడియన్‌ను ట్యూబులోంచి నేరుగా వాడితే ప్లాస్టిక్ బకెట్ రంగు వస్తుంది. లెమన్ యెల్లో 5 పాళ్లలో థాలో బ్లూ కందిగింజలో సగం, వర్మిలియన్ నైఫ్ కొసకు అంటినంత. థాలో చాలా బలమైన రంగు, ఎప్పుడూ పసుపులోకి నీలాన్ని కలపండి గానీ నీలంలోకి పసుపును కాదు. తిరగేస్తే ట్యూబు పసుపు ఖాళీ అయినా పచ్చ తేలదు.

అన్ని రంగులూ గొడవపడుతున్నాయంటే బూడిద తక్కువైంది, లేదా నాలుగు రంగులు సమాన విస్తీర్ణంలో ఉన్నాయి. ఒక రంగుకు సగం బోర్డు ఇవ్వండి, రెండోదానికి పావు, మిగిలినవి సర్దుకుంటాయి.

ఆయిల్ రంగులతో వేసేవాళ్లకు: కింద నూనె తక్కువ, పైన ఎక్కువ. తిరగేస్తే పైపూత ముందు గట్టిపడి, కింద ఇంకా కదులుతూ ఉండి బీటలు వస్తాయి. అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ నిలవదు, పొరలుగా లేస్తుంది.

వార్నిష్ తొందర వద్దు. అక్రిలిక్‌కు రెండు వారాలు, మందపాటి ఆయిల్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి. ముసురు పట్టిన రోజు వార్నిష్ వేస్తే గాలిలో చెమ్మ పట్టి పాలపొర కమ్ముతుంది, ముదురు నీలం, నలుపుల మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొడి రోజు ఉదయం, బోర్డును బల్ల మీద పడుకోబెట్టి, వెడల్పాటి మెత్తటి కుంచెతో ఒకే దిక్కున వేయండి, ఒకసారి వెళ్లిన చోటికి మళ్లీ వెనక్కి రావద్దు. ఆరేదాకా పైన దుమ్ము పడకుండా పెట్టె మూత ఆనకుండా కప్పి ఉంచండి. వానకాలంలో బయటి గోడకు లోపలివైపు తగిలించే బొమ్మల వెనుక నాలుగు మూలలా సీసా బెండు ముక్కలు అతికిస్తే గోడకూ బోర్డుకూ మధ్య గాలి ఆడుతుంది, బూజు పట్టదు.